బాస్ టోర్నమెంట్‌లో పట్టిన చేప బతకాలంటే: ముందు రోజు రాత్రి నుంచి మంగళవారం దాకా

బాస్ అంటే అమెరికాలో గాలంతో పట్టే మంచినీళ్ల చేప. పోటీలో దాన్ని పట్టి, ప్రాణంతో తెచ్చి, తూచి, మళ్లీ నీళ్లలో వదులుతాం. శనివారం మధ్యాహ్నం మా క్లబ్బు టోర్నమెంట్ ముగిసేసరికి లెక్క బాగానే కనిపించింది. తూకానికి వచ్చిన వాటిలో చచ్చినవి రెండే. మిగతావన్నీ తోకాడించుకుంటూ నీళ్లలోకి వెళ్లిపోయాయి. మేం చప్పట్లు కొట్టుకుని ఇళ్లకు పోయాం. మంగళవారం సాయంత్రం, మర్చిపోయిన పడవ తాడు కోసం అదే రేవుకు వెళ్తే, గాలి తోసే వైపు తుంగ దగ్గర తెల్లటి పొట్టలు కనిపించాయి. దగ్గరికెళ్లి లెక్కపెట్టాను. పదకొండు. ఒకదాని కింది దవడకు పోటీలో గుర్తు కోసం ట్యాగ్ గుచ్చిన చిల్లు ఇంకా అలాగే ఉంది.

టోర్నమెంట్ చేప వెంటనే చావాలని లేదు. రెండు రోజులకో, ఐదారు రోజులకో చస్తుంది. మనం చూసేది అది ఈదుకుంటూ వెళ్లిపోవడమే. అందుకని చాలామంది "అన్నీ బతికే వెళ్లాయి" అని గట్టిగా నమ్ముతారు. నేనూ చాలా ఏళ్లు నమ్మాను. ఈదిపోయిన చేపకూ బతికిన చేపకూ తేడా ఉందని అర్థమయ్యాక నా పద్ధతంతా మార్చుకున్నాను. ఆ పద్ధతే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది టెక్సస్‌లో క్లబ్బు టోర్నమెంట్లు ఆడేవాళ్లకు, ఆడించేవాళ్లకు. అమెరికాలో ఇంకెక్కడున్నా పెద్దగా తేడా రాదు. సైజులు, పరిమితులు మాత్రం మీ రాష్ట్రం రూల్స్ చూసుకోండి.

ముందుగా: ఇది కొర్రమీను కాదు

మాది కైకలూరు వైపు పల్లె. నాన్న చేపల చెరువు చేసేవారు. మనవాళ్లలో కొత్తగా బాస్ ఫిషింగ్‌కు వచ్చినవాళ్లు చేసే మొదటి పొరపాటు చేపను కొర్రమీనులా చూడటం. బజారులో కొర్రమీను తడి గోనెసంచిలో గంటలు గంటలు బతికి ఉండటం చూసి పెరిగినవాళ్లం కదా. కొర్రమీనుకు మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటు ఉంది. బాస్‌కు లేదు. దానికి ఉన్నది నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఒక్కటే. చెరువు రైతులు రోజూ మాట్లాడుకునే డీవో అదే.

డీవో గురించి రెండు సంగతులు గుర్తుంటే చాలు. ఒకటి, నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టే చోటు తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా ఇముడుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. రెండు, అదే వేడికి చేప ఒంటి అవసరం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు. అంటే జులైలో రాబడి తగ్గి ఖర్చు పెరుగుతుంది. డీవో 5 మిల్లీగ్రాముల పైన ఉంటే బాస్ నిమ్మళంగా ఉంటుంది. 3 దగ్గరికి వస్తే నరకమే. తెల్లవారుజామున చెరువులో చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలితే ఇంట్లో ఎంత హడావుడిగా ఉండేదో ఆక్వా ఇళ్లలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. పడవలో పట్టిన చేపలను ప్రాణంతో ఉంచే నీళ్ల తొట్టి, అంటే లైవ్‌వెల్, దాని మూత కింద అదే జరుగుతుంది. మూత వేసి ఉంటుంది కాబట్టి మనకు కనపడదు, అంతే.

గాలానికి పడి పెనుగులాడిన చేప మామూలు చేప కూడా కాదు. వంద మీటర్లు పరుగెత్తి వచ్చి రొప్పుతున్న మనిషి లాంటిది. కండలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఉంటుంది. దాన్ని తీర్చుకోవడానికి గంటలు పడుతుంది. ఈ గంటల్లో మనం గాలిలో పట్టుకోవడం, వేడి నీళ్లలో ఉంచడం, పడవ కుదుపులు, సంచిలో ఉక్కిరిబిక్కిరి చేయడం, ఇలా ఒకదాని మీద ఒకటి వేస్తూ పోతాం. ఏ ఒక్కటీ విడిగా చంపదు. అన్నీ కలిసి మంగళవారం నాడు చంపుతాయి.

బాస్ టోర్నమెంట్లలో చేపను ప్రాణంతో వదలడం మొదటి నుంచీ ఉన్న ఆచారం కాదు. ఈ పోటీలు నడిపే B.A.S.S. సంస్థ పెట్టిన రే స్కాట్ 1972లో, పట్టిన చేపను చంపొద్దు అంటూ ప్రచారం మొదలుపెట్టాక ఇది పాకింది. ఇప్పుడు చాలా పోటీల్లో చచ్చిన చేపకు జరిమానా ఉంది. చాలాచోట్ల చేపకు 4 ఔన్సులు కోస్తారు. అయితే ఆ జరిమానా తూకం బల్ల దగ్గర చచ్చిన చేపకే. మంగళవారం చచ్చినదానికి ఎవరూ కోయరు.

ముందు రోజు రాత్రి

లైవ్‌వెల్ పంపులు నీళ్లు పోసి నడిపి చూడండి. నీళ్లు లోపలికి తెచ్చే పంపు, ఉన్న నీళ్లనే తిప్పే పంపు, రెండూ. జల్లెడలో నాచు, ఎరగా వాడిన పాత ప్లాస్టిక్ పురుగు తోక ఇరుక్కుని ఉంటే తీసేయండి. సగం ఇబ్బందులు ఆ జల్లెడలోనే ఉంటాయి. బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయిందో లేదో చూసుకోండి. రోజంతా పంపు ఆగకుండా నడవాలి.

గ్యాలన్ పాల డబ్బాలు మూడు నాలుగు కడిగి, నీళ్లు పోసి, ఉబ్బడానికి పైన కొంచెం చోటు వదిలి, మూత బిగించి ఫ్రీజర్‌లో పెట్టండి. కొట్లో కొన్న ఐస్ నేరుగా లైవ్‌వెల్‌లో వేయకండి. కుళాయి నీళ్లతో చేసిన ఐస్‌లో క్లోరిన్ ఉంటే మొప్పల మీద పడుతుంది. డబ్బాలో ఐస్ అయితే చల్లదనం ఒక్కటే వస్తుంది, నీళ్లు కలవవు.

ఉప్పు పొట్లాలు కట్టుకోండి. అయోడిన్ కలపని ఉప్పే. లీటరుకు 3 గ్రాముల చొప్పున. 30 గ్యాలన్ల లైవ్‌వెల్ అంటే సుమారు 114 లీటర్లు, దానికి 340 గ్రాములు. పడవలో నిలబడి గుప్పిళ్లతో కొలవడం కుదరదు కాబట్టి ఇంట్లోనే తూకం వేసి జిప్ సంచుల్లో పెట్టుకుంటాను. ఒక నిండు పొట్లం, రెండు సగం పొట్లాలు.

ఉప్పెందుకంటే, బాస్ రక్తంలో ఉప్పు దాదాపు 0.9 శాతం. చెరువు నీళ్లలో ఏమీ లేనట్టే. బాగున్న చేప ఈ తేడాను ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది. జిగురు పొర పోయి, అలిసిపోయి ఉన్న చేప ఒంట్లోంచి ఉప్పు నీళ్లలోకి జారిపోతూ, నీళ్లు లోపలికి ఎక్కుతూ ఉంటాయి. చుట్టూ నీళ్లను కొంచెం ఉప్పగా చేస్తే దానికి ఆ పని తగ్గుతుంది. ఇంతకన్నా పెద్ద మహిమేం లేదు. రంగు రంగుల సీసాల్లో అమ్మే మందులు నేను వాడను. ఉప్పు చేసేదానికన్నా అవి ఎక్కువేం చేస్తాయో నాకు ఎవరూ చూపించలేదు.

వీటితో పాటు థర్మామీటర్ ఒకటి, పొడుగు ముక్కు పట్టకారు, గాలం తీగ కత్తిరించే కటింగ్ ప్లేయర్, రబ్బరు పూత ఉన్న వల. ముడులతో అల్లిన నైలాన్ వల ఉంటే గ్యారేజీలోనే వదిలేయండి. అది చేప ఒంటి మీద జిగురును గీకేస్తుంది, రెక్కలను చీలుస్తుంది.

తెల్లవారుజామున

చాలామంది మొదటి చేప పడ్డాక హడావుడిగా లైవ్‌వెల్ నింపుతారు. నింపాల్సింది పడవ నీళ్లలోకి దిగి, రేవు దాటి, లోతుకు వెళ్లాక. వేసవిలో అన్నిటికన్నా చల్లటి నీళ్లు ఆ వేళకే దొరుకుతాయి. రేవు దగ్గర నింపకండి. అక్కడ నీళ్లు బురదగా, పెట్రోలు వాసనతో ఉంటాయి. అంచు దాకా నింపండి. సగం నిండిన లైవ్‌వెల్‌లో పడవ కుదిపినప్పుడల్లా చేప గోడలకు కొట్టుకుంటుంది. నిండుగా ఉంటే అలలు లేవవు.

ఇప్పుడు ఉప్పు నిండు పొట్లం వేయండి. పంపు మోడ్‌ను టైమర్ మీద కాకుండా ఆగకుండా నడిచేలా పెట్టండి. ఇది నేను మాట్లాడుతున్నంత మామూలు సంగతి కాదు. ఒక జులైలో పంపును మూడు నిమిషాలు నడిచి మూడు నిమిషాలు ఆగే టైమర్ మీద మర్చిపోయాను. నాలుగు చేపలున్నాయి, పెద్దవి. పదకొండింటికి మూత తీస్తే రెండు పక్కకు ఒరిగి ఉన్నాయి. అందులో ఒకటి ఆ రోజు నాకు పడ్డ అన్నిటికన్నా పెద్దది. బ్యాటరీ మిగిల్చానని సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

గాలానికి పడ్డాక: ఒక్క నిమిషం

చేపను ఆడించి ఆడించి అలసిపోయేదాకా లాగకండి. సన్నటి తీగతో గంట యుద్ధం చేయడం సరదా కావచ్చు, ఇక్కడ పనికి రాదు. కొంచెం బలమైన తీగ, త్వరగా పడవలోకి.

చెయ్యి ముందే తడుపుకోండి. పొడి తువ్వాలుతో పట్టుకోవద్దు, పడవ కార్పెట్ మీద పడేయొద్దు. ఎండకు కాలిన కార్పెట్ మీద బాస్ రెండుసార్లు ఎగిరిందంటే ఒంటి మీద జిగురు ఆ కార్పెట్‌కు అంటుకుపోతుంది. ఆ జిగురే దానికి చర్మం మీద చర్మం. అది పోయిన చోట నాలుగైదు రోజులకు బూజులాంటి తెల్లటి మచ్చ పుడుతుంది.

కింది దవడ పట్టుకుంటే నిలువుగా వేలాడేలా పట్టండి. అడ్డంగా పట్టాలంటే రెండో చెయ్యి పొట్ట కింద ఉండాలి. నాలుగైదు పౌండ్ల చేపను దవడ ఒక్కదాని మీద అడ్డంగా లేపి ఫొటో దిగితే దవడ కీలు దెబ్బతింటుంది. చూడటానికి ఏమీ కాదు. తర్వాత నోరు సరిగ్గా మూతపడక తిండికి ఇబ్బంది పడుతుంది.

కొక్కెం పెదవికి ఉంటే రెండు సెకన్ల పని. గొంతులోకి పోతే బయటికి లాగకండి. కొక్కెం కాడ కనిపిస్తుంటే మొప్ప సందులోంచి పట్టకారు పెట్టి, మొప్ప ఎర్రపోగులను తాకకుండా, కొక్కేన్ని వెనక్కి తిప్పి తీసే పద్ధతి ఉంది. ఎవరైనా చేతిలో చేప పెట్టి చూపిస్తేనే అది వస్తుంది, రాస్తే రాదు. అలవాటు లేకపోతే తీగను దగ్గరగా కత్తిరించి కొక్కేన్ని అలాగే వదిలేయండి. మొప్పల్లోంచి రక్తం కారుతుంటే అది బతకడం కష్టమని ముందే అనుకోండి.

కొలబద్దను కూడా తడపండి. టెక్సస్‌లో చాలా చెరువుల్లో లార్జ్‌మౌత్ రకం బాస్ కనీసం 14 అంగుళాలు ఉండాలి, రోజుకు ఐదు. లేక్ ఫోర్క్ లాంటి చోట్ల 16 నుంచి 24 అంగుళాల మధ్యవి అసలు ఉంచుకోకూడదు. మీరు వెళ్లే చెరువు రూలు రాత్రే చదివి ఉండాలి, చేప చేతిలో పట్టుకుని ఫోన్‌లో వెతకడం కాదు. కురచ చేపైతే కొలవగానే నీళ్లలోకి. మొత్తం మీద గాలిలో ఒక నిమిషం దాటకూడదు. నేనొక చిట్కా పాటిస్తాను: చేప నీళ్లలోంచి బయటికి రాగానే నేనూ ఊపిరి బిగపడతాను. నాకు కష్టమైతే దానికీ కష్టమే.

లైవ్‌వెల్‌లో గంటల తరబడి

అసలు పని ఇక్కడే. లోపల ఎన్ని చేపలున్నాయన్నది మొదటి లెక్క. గ్యాలన్ నీళ్లకు ఒక పౌండు చేప అన్నది అందరూ చెప్పే పైహద్దు. వేసవిలో అందులో సగమే నయం. పార్ట్‌నర్‌తో ఆడుతుంటే రెండు లైవ్‌వెల్‌లనూ వాడండి. పెద్ద చేపలన్నీ ఒకేదాంట్లో, చిన్నవి ఇంకోదాంట్లో వేస్తే లెక్క తప్పుతుంది. బరువును చూసి పంచండి.

పంపు ఎలా నడవాలన్నది రోజు మొత్తంలో మారుతుంది. పొద్దున బయటి నీళ్లు చల్లగా ఉన్నంతసేపూ కొత్త నీళ్లు తెచ్చే పంపునే నడపండి. బయట పైనీళ్లు లైవ్‌వెల్ నీళ్లకన్నా వేడెక్కాయని థర్మామీటర్ చెప్పగానే దాన్ని ఆపి, లోపలి నీళ్లనే తిప్పే పంపు వేయండి. ఇది చాలామంది చేయరు. మధ్యాహ్నం రెండింటికి 32 డిగ్రీల పైనీళ్లను మెల్లమెల్లగా లోపలికి తోడుతూనే ఉంటారు. పొద్దున్నే పట్టిన చల్లటి నీళ్లంతా పోతాయి.

తిప్పే పంపు మీద పెట్టాక ఐస్ డబ్బా వేయండి. ఒకటే. లెక్క చెబుతాను. ఒక గ్యాలన్ డబ్బాలో సుమారు మూడున్నర కిలోల ఐస్ ఉంటుంది. 114 లీటర్ల నీళ్లను అది పూర్తిగా కరిగితే 3 డిగ్రీల సెల్సియస్ దాకా దించుతుంది. పైన ఎండ ఉంది కాబట్టి నిజంగా కనిపించేది అంతకన్నా తక్కువ. మన గురి బయటి నీళ్లకన్నా 3 నుంచి 5 డిగ్రీలు చల్లగా ఉంచడమే. చల్లగా ఉంటే బాగుంటుంది కదా అని మూడు డబ్బాలూ ఒకేసారి వేయకండి. ఒక్కసారిగా పది డిగ్రీలు దిగినా చేప షాక్ తింటుంది. సాయంత్రం మళ్లీ వేడి నీళ్లలో వదిలినప్పుడు ఇంకో షాక్. డబ్బా కరిగాక థర్మామీటర్ చూసి రెండోది.

రెండు మూడు గంటలకోసారి సగం నీళ్లు మార్చాలి. చేపలు అమ్మోనియా వదులుతూ ఉంటాయి. పొద్దున్నే తిన్నదాన్ని కక్కేస్తాయి కూడా. లైవ్‌వెల్‌లో సగం జీర్ణమైన షాడ్ అనే చిన్న చేప తేలుతుంటే తీసి పారేయండి. నీళ్లు సగం తీసి లోతు నీళ్ల మీద కొత్తవి పట్టి, సగం పొట్లం ఉప్పు, కొత్త ఐస్ డబ్బా. నీళ్లు మారిస్తే వేడెక్కుతాయని భయపడి అసలు మార్చనివాళ్లున్నారు. నురగ కట్టి, వాసన వచ్చే నీళ్లలో ఎంత చల్లదనం ఉన్నా లాభం లేదు.

ఆక్సిజన్ సిలిండర్, చిన్న గొట్టంతో బుడగలు వదిలే పరికరాలు దొరుకుతాయి. చేపపిల్లలను పాలిథిన్ సంచుల్లో ఆక్సిజన్ పట్టి లారీలో పంపే మనవాళ్లకు ఇది కొత్త కాదు. డబ్బున్నవాళ్లు పెట్టుకోండి, మంచిదే. నేను పంపు, ఐస్, ఉప్పు, మార్చే నీళ్లు, ఈ నాలుగింటితోనే నడుపుతున్నాను.

ఇప్పుడు చేప ఎలా ఉందో చూసే పద్ధతి. అరగంటకోసారి మూత తీసి, చేపను తడి చేత్తో నీళ్లలోనే మెల్లగా ఒక పక్కకు వంచండి. బాగున్న చేప కన్ను వంగదు. ఒళ్లు తిరిగినా కంటి గుడ్డు నీటిమట్టానికి సరిగ్గా నిలబడే ప్రయత్నం చేస్తుంది. ఒంటితో పాటు కన్ను కూడా అట్లాగే తిరిగిపోతే, బొమ్మ కన్నులా ఉంటే, అది చాలా దెబ్బతింది. తోక పట్టుకుంటే బాగున్నది విదిలించుకుంటుంది, లేనిది ఊరుకుంటుంది. వెల్లకిలా తిప్పితే బాగున్నది వెంటనే నిటారుగా తిరుగుతుంది. రెక్కల మొదళ్లలో, పొట్ట మీద ఎర్ర గీతలు కనిపిస్తే నలిగిందని అర్థం. కన్ను తిరిగిన చేపకు వెంటనే చల్లటి కొత్త నీళ్లు, ఆ లైవ్‌వెల్‌లో బరువు తగ్గించడం, ఎరలు పక్కన పెట్టి ఓ పావుగంట అక్కడే ఉండటం. ఆ పావుగంటలో పోయే చేప కన్నా బతికే ఐదు చేపలు నయం.

ఐదు నిండాక చిన్నదాన్ని వదిలి పెద్దదాన్ని ఉంచుకోవడం, అంటే కల్లింగ్. ట్యాగులు దవడకు గుచ్చేవి కాకుండా, బిగించే క్లిప్పులు వాడండి. వదిలేయాల్సినది బాగా డీలాగా ఉంటే ఆగండి. అప్పుడు కల్లింగ్ అంటే చావడానికి నీళ్లలో వేయడమే. చాలా టోర్నమెంట్లలో చచ్చిన చేపను కల్లింగ్ చేయడం నిషేధం కూడా. చావబోయేదాన్ని చేయొద్దని రూలులో ఉండదు, మీకుండాలి.

లోతు నుంచి పైకి తెచ్చిన చేప

25, 30 అడుగుల లోతు నుంచి లాగిన బాస్ విషయం వేరు. దాని ఒంట్లో గాలితిత్తి ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి అది ఉబ్బుతుంది. బాస్‌కు ఆ గాలిని నోట్లోంచి వదిలే వీలు లేదు. లైవ్‌వెల్‌లో ఒకవైపు ఒరిగి పైన తేలుతూ, తోక పైకి లేచి, కిందికి ఈదాలని ప్రయత్నిస్తూ మళ్లీ మళ్లీ తేలుతుంటే ఇదే. అడుగున పక్కకు పడుకున్న చేపది వేరే సంగతి, అది అలసట. ఈ రెండింటికీ వైద్యం ఒకటి కాదు. చాలామంది ఇక్కడే పొరపడతారు.

మొదటి ప్రయత్నం సులువైనది: కింది రెక్కలకు చిన్న బరువు క్లిప్పులు పెట్టి నిటారుగా ఉంచడం. కొన్ని గంటల్లో తిత్తిలో గాలి కొంత సర్దుకుంటుంది. దానితో కాకపోతే సూదితో గాలి తీస్తారు. 18 గేజ్ సూది, శుభ్రం చేసినది. వీపు రెక్కలో ముళ్ల భాగం, మెత్తటి భాగం కలిసే నొక్కు నుంచి మలద్వారం దాకా ఒక గీత ఊహించుకోండి. ఒంటి పక్కన పొడవునా ఉండే గీతకు మూడు నాలుగు పొలుసుల కింద, మన ఊహా గీత మీద, పొలుసు కిందుగా సూదిని దూర్చాలి. చేప నీళ్లలోనే ఉండాలి. సూది చివర బుడగలు వస్తే సరైన చోటే. చేప నిటారుగా నిలబడగానే ఆపేయాలి, పొట్ట నొక్కి గాలంతా తీయకూడదు. నోట్లోంచి సూది గుచ్చే పద్ధతి జోలికి వెళ్లకండి, దారిలో ముఖ్యమైన అవయవాలుంటాయి. ఈ పని టోర్నమెంట్ రోజున మొదటిసారి చేయకండి. మీ రాష్ట్రంలో అసలు అనుమతి ఉందో చూసుకోండి, తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకోండి.

అసలు మందు వేరే ఉంది. ఎండాకాలం లోతులో ఐదు పడ్డాక అక్కడ పట్టడం మానేసి ఇంకో చోటికి పోవడం. అక్కడ ఇంకా ఇరవై చేపలున్నా సరే. అవన్నీ ఉబ్బి తేలేవే.

పడవ ఉరకలు

వే-ఇన్‌కు, అంటే తూకానికి, ఆలస్యమైందని గంటకు 70 మైళ్ల వేగంతో అలల మీద గెంతుతూ వస్తే లైవ్‌వెల్‌లో చేప డబ్బాలో గోళీలా కొట్టుకుంటుంది. వేగంగా పోయేటప్పుడు కొన్ని పడవల్లో పంపుకు నీళ్లు అందవు, లేదా పై రంధ్రం నుంచి ఉన్న నీళ్లు పోతాయి. ఆ పై రంధ్రానికి మూత పెట్టి, తిప్పే పంపు వేసి బయల్దేరండి. దూరమైతే మధ్యలో రెండుసార్లు ఆగి మూత తీసి చూడండి. పావుగంట ముందే బయల్దేరడం ఇంకా తేలిక.

వే-ఇన్ సంచి

ఉదయం నుంచి కష్టపడి కాపాడిన చేపను చంపే చోటు తూకం వరస. మూడేసి పౌండ్ల చేపలు ఐదు, సంచిలో పది లీటర్ల నీళ్లు. ఆ నీళ్లలో ఉన్న ఆక్సిజన్ రెండు మూడు నిమిషాల్లో తినేస్తాయి. అంత తక్కువ టైమ్. ముందు వరసలో పది మంది ఉంటే, ఒక్కొక్కరు మైకులో తమ కథ చెప్పుకుంటే లెక్క వేసుకోండి.

కాబట్టి: పిలిచేదాకా సంచిలో వేయకండి. చేప లైవ్‌వెల్‌లో ఉన్నంతసేపు పంపు నడుస్తూనే ఉండాలి. రేవులో కట్టేసిన పడవలో కూడా. సంచిలో ముందు లైవ్‌వెల్ నీళ్లే నింపండి, సగానికి పైగా, తర్వాత చేపలు. పెద్దవి ఉంటే రెండు సంచులు. వరసలో గాలి పంపులున్న తొట్లు పెట్టి ఉంటే సంచిని వాటిలో దించి ఉంచండి, చేతిలో వేలాడదీసుకుని కబుర్లు చెప్పకండి. బల్ల మీద బుట్టలో చేపలు కొట్టుకుంటుంటే తూకం కూడా స్థిరంగా రాదు. నీళ్లతోపాటు తూచే పద్ధతి పెట్టిన క్లబ్బులకు నా దండం.

ఫొటోలంటారా, తూచాక ఒక్కటి. ఇద్దరు పిల్లల చేతిలో రెండు చేపలు పెట్టి, కెమెరా దొరక్క అందరూ ఎదురుచూడటం చాలాసార్లు చూశాను.

ఎక్కడ వదలాలి

రేవు పక్కన మోకాలి లోతు నీళ్లు మధ్యాహ్నానికి వేడెక్కి, ఆక్సిజన్ తక్కువై ఉంటాయి. అక్కడే వందల చేపలు వదిలితే వాటిలో చాలా ఆ చుట్టుపక్కలే వారాల తరబడి ఉండిపోతాయి. తిండి కోసం, చోటు కోసం పోటీ. దూరం నుంచి పట్టి తెచ్చినవి కూడా. విడుదల పడవ ఉంటే దానికి ఎక్కించండి. లేకపోతే మీ పడవలోనే కొంత దూరం లోతు నీళ్లకు తీసుకెళ్లి వదలండి.

చేపను పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపడం అలవాటుగా చేస్తారు. వెనక్కి లాగితే మొప్పల మీద నీళ్లు ఎదురు తిరుగుతాయి. అవసరమైతే నీళ్లలో తల ముందుకు పెట్టి, అడుగు నుంచి పట్టుకుని, అదే విదిలించుకునేదాకా ఆగండి. గాల్లోకి విసరొద్దు. అంత ఉత్సాహం దానికి ఉండదు.

వేరే చెరువుకు తీసుకెళ్లి వదలడం నేరం. ఊరికే కాదు ఈ రూలు. 1995లో దక్షిణ కరొలైనాలోని శాంటీ కూపర్ రిజర్వాయర్‌లో చేపలు చచ్చినప్పుడు లార్జ్‌మౌత్ బాస్ వైరస్ అన్నది బయటపడింది. చేప ఒంట్లో ఉన్నా ప్రతిసారీ చంపదు, వేడి, ఒత్తిడి తోడైతే చంపుతుంది. ఒకే లైవ్‌వెల్‌లో ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. అందుకే రోజు చివర లైవ్‌వెల్ కడిగి ఆరబెట్టండి. టెక్సస్‌లో ఇల్లు చేరే ముందు రేవులోనే పడవలో నీళ్లన్నీ వదిలేయాలి. జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పాకకుండా పెట్టిన రూలు అది.

టోర్నమెంట్ నడిపేవాళ్లకు

పైన రాసినదంతా ఒక్కొక్కరు చేసేది. ఒక్క తేదీ సరిగ్గా పెడితే వాటన్నిటికన్నా ఎక్కువ చేపలు బతుకుతాయి. నీళ్లు 27 డిగ్రీల సెల్సియస్, అంటే 80 ఫారెన్‌హీట్ దాటే రోజుల్లో పట్టి తెచ్చే పోటీ పెట్టకండి. పెట్టాల్సి వస్తే తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకే ముగించండి. చేపల పరిమితి ఐదు కాకుండా మూడు చేయండి. పడవలను గుంపులుగా వేరు వేరు వేళలకు తూకానికి రప్పించండి, వరస పెరగదు. రేవు దగ్గర నీళ్లు, ఐస్, ఉప్పు సిద్ధంగా పెట్టండి. ఒక వాలంటీర్‌కు థర్మామీటర్, డీవో మీటర్ ఇచ్చి ఆ పని తప్ప ఇంకేమీ చెప్పకండి.

గుడ్లు పెట్టే కాలం కూడా చూడాలి. మగ బాస్ గూడు దగ్గర కాపలా ఉంటుంది. దాన్ని పట్టి ఆరు గంటలు లైవ్‌వెల్‌లో ఉంచి మైళ్ల దూరంలో వదిలితే, మరుక్షణమే బ్లూగిల్ అనే చిన్న చేపలు వచ్చి గుడ్లు మెక్కేస్తాయి. చేప బతికినా, గూడు పోయింది.

ఇవన్నీ తలనొప్పి అనుకుంటే ఫొటో పోటీ ఉంది. కయాక్ వాళ్లు, అంటే తెడ్డేసుకునే చిన్న పడవల వాళ్లు, చాలా ఏళ్లుగా ఇలాగే ఆడుతున్నారు: కొలబద్ద మీద చేప, పక్కన ఆ రోజు ఇచ్చిన గుర్తు, ఒక ఫొటో, అక్కడికక్కడే వదిలేయడం. మేజర్ లీగ్ ఫిషింగ్ సంస్థ నడిపే బాస్ ప్రో టూర్ పోటీల్లో పడవలోనే తూచి వెంటనే వదిలేస్తారు. లైవ్‌వెల్ అక్కర్లేదు, సంచి అక్కర్లేదు. జులైలో నాకు తెలిసి ఇదే బాగుంటుంది.

మంగళవారం

ఆఖరి పని. మూడో రోజు రేవుకు వెళ్లి గాలి కొట్టే వైపు గట్టంతా నడిచి, తేలినవి లెక్కపెట్టి రాసుకోండి. అడుగున ఉండిపోయేవి, కొంగలు ఎత్తుకుపోయేవి లెక్కకు రావు కాబట్టి వచ్చే సంఖ్య ఎప్పుడూ తక్కువే. నా చిన్న నోట్‌బుక్‌లో తేదీ, పొద్దున నీళ్ల వేడి, వే-ఇన్ వేళకు వేడి, చేపలెన్ని, వరసలో ఎంతసేపు, మంగళవారం ఎన్ని అని ఆరు గడులు గీసి ఉంటాయి. మొదటి ఏడాది లెక్కలు మీటింగ్‌లో చదివితే మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దాయన ఒకరు లేచి, జులై పోటీ ఫొటోలకు మార్చి, పెద్ద పోటీని అక్టోబరుకు పెడదామన్నారు. తూకం మాత్రం వదలడానికి ఒప్పుకోలేదు. అక్టోబరులో మంగళవారాలు ఇప్పుడు కూడా వెళ్తున్నాను. కిందటేడు రెండు కనిపించాయి.